పాటకు, పనితనమునకు యజమాని యెవరు?

(కరీంనగరమున ఒక పఠనమందిరమునందు రచయితల, గాయకుల, చేతిపనివారల, వకీళ్ల సమక్షమున చేసిన ఉపన్యాసపాఠము)



ఈ సాయంకాలము నేను నోరు విప్పినది మొదలు చట్టము నాకొక క్రొత్త బిరుదు నిచ్చినది. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము 'ప్రదర్శకుడు' అను మాటకు అర్థము చెప్పుచు నటుని, గాయకుని, వాద్యకారుని, నర్తకుని, దొమ్మరిని, గారడీవానిని, పాములవానిని పేర్కొని, ఆ వరుసలోనే ఉపన్యాసకుని గూడ కూర్చుండబెట్టినది. పాములవాని ప్రక్క కూర్చుండుట నాకు చిన్నతనము గాదు. నా మాటకు ఎంత హక్కు కలదో వాని నాగస్వరమునకును అంత హక్కు కలదని చట్టమే చెప్పినప్పుడు, నేను వేఱు చెప్పుటకు ఎవడను? కాని నాకొక సందేహము కలుగుచున్నది. ఈ పంక్తిలో తనకొక పీట వేసియున్నదని మన ఒగ్గుకథకునకు తెలియునా? మన గుస్సాడీ నర్తకునకు తెలియునా? బతుకమ్మ పాట నెత్తుకొను మన అక్కచెల్లెండ్రకు తెలియునా? తెలియదు. ఆ తెలియకపోవుటయే నేటి నా ప్రసంగవిషయము.

పూర్వపు కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు 2016లో పలు చిన్న జిల్లాలుగా విడిపోయినవి గాని, ఈ గోదావరీతీరపు జనుల పాటయు పనితనమును విడిపోలేదు. ఇచ్చట భూమికి తగవులు వచ్చినచో పహాణీలు వెదకుదుము, పట్టాలు చూతుము, హద్దురాళ్లు కొలుతుము. గుంటెడు నేలకై మూడు తరములు కచ్చేరీల చుట్టు తిరిగినవారు మనలో ఉన్నారు. అట్టి మనమే లక్షలమంది వినునట్టి పాటను తెల్లకాగితముపై సంతకము చేసి యిచ్చివేయుదుము. పాటకును పట్టా యుండునని మన కెవ్వరును చెప్పలేదు.

పట్టా అనగా ఏమో చెప్పుటకు ముందు, ఈ ఆస్తి మూడు విధములని మనవి చేయుదును. అందఱిది ఒకటి, ఒకనిది ఒకటి, ఊరిది ఒకటి. ఈ మూటిని కలగాపులగము చేయుటవలననే మన నష్టములన్నియు కలుగుచున్నవి.

మొదట అందఱి ఆస్తి. ధర్మపురి నరసింహస్వామిపై శేషప్పకవి చెప్పిన శతకమును ఏ ముద్రాపకుడైనను అచ్చు వేయవచ్చును. ఎవ్వరి యనుమతియు అక్కఱలేదు. కాని ఒక పండితుడు దానికి క్రొత్తగా టీకాతాత్పర్యములు వ్రాసినచో ఆ టీక ఆయనది. పద్యము పుచ్చుకొనవచ్చును, టీకను పుచ్చుకొనరాదు. బతుకమ్మ పాటలును, నాటువేళ పాడు పాటలును, తాతముత్తాతలనుండి నోటినోట వచ్చిన కథలును అట్టివే. కర్త యెవడో తెలియని ఆ పాట ఊరి చెరువువంటిది. కడవ ముంచుకొనుటకు అందఱికిని హక్కు కలదు. గట్టు వేసి నాదే యనుటకు ఎవ్వరికిని హక్కు లేదు.

అయినను నేడు గట్టులు వేయువారు బయలుదేరినారు. ఒక సంస్థ మన పాత పాటను తీసికొని, వాద్యములు చేర్చి, రికార్డు చేసి యూట్యూబునం దుంచును. ఆ రికార్డుపై దానికి హక్కు కలదు. ఆ ధ్వనిని మఱొకడు యథాతథముగా ఎత్తికొనరాదు. ఆ హక్కు ప్రచురణమైన పిమ్మట 60 ఏండ్లుండును. సంగీతమున క్రొత్తగా చేర్చినదేమైన ఉన్నచో అంతమట్టుకు దానిపైనను హక్కు కలదు. అంతవఱకు న్యాయమే. కాని మఱుసటి యేట అదే పాటను మన పల్లెపడుచు తన గొంతుతో పాడి పెట్టినప్పుడు, 'ఇది మా పాట' అని ఫిర్యాదు చేసి దానిని తీసివేయించినచో అది న్యాయము గాదు. పాట వారిది గాదు. వారు చేసిన రికార్డు మాత్రమే వారిది.

ఇట్టి సందర్భమున ఏమి చేయవలయునో వకీలుసోదరులు గుర్తుంచుకొందురు గాక. చట్టములోని 52వ సెక్షనును, 2013 నాటి కాపీరైటు నియమములలోని 75వ నియమమును చూడుడు. ఫిర్యాదు వ్రాతమూలకముగా అందిన 36 గంటలలో ఆ వేదికవారు దానిని మఱుగుపఱుపవలయును. కాని ఫిర్యాదుదారుడు 21 దినములలో న్యాయస్థానపు ఉత్తరువు తేలేకపోయినచో తిరిగి చూపవచ్చును. యూట్యూబు వంటి వేదికలకు తమ సొంత పద్ధతియు కలదు. దాని ప్రకారము ప్రతిసమాధానపు నోటీసు పంపుకొనవచ్చును. ఇంకొక ఆయుధము 60వ సెక్షను. హక్కు లేకయే హక్కున్నదని బెదిరించువానిపై, బెదిరింపబడినవాడే దావా వేసి, ఆ బెదిరింపు నిరాధారమని తీర్పు పొందవచ్చును, నష్టపరిహారమును కోరవచ్చును. మన గాయకురాలు ఇది యెఱుగక, 'పెద్దవారితో మనకేల?' అని తన పాటను తానే తీసివేయుచున్నది. చెరువు నిట్లే పోగొట్టుకొందుము.

ఇక ఒకని ఆస్తి. కవి తన పాటను కాగితముపై పెట్టిన క్షణముననే హక్కు పుట్టును. రిజిస్టరు చేయించవలెనన్న నిర్బంధము లేదు. చేయించినచో సాక్ష్యమునకు ఉపకరించును గాని, చేయింపనందున హక్కు పోదు. ఆ హక్కు కవి జీవితకాలమంతయు నుండి, ఆయన పోయిన తరువాతి సంవత్సరారంభమునుండి మఱి 60 ఏండ్లు వారసులకు చెందును. మన హనుమాజీపేటలో పుట్టి జ్ఞానపీఠమెక్కిన సి. నారాయణరెడ్డిగారు 2017లో దివంగతులైరి. ఆయన కవితలపై హక్కు 2077వ సంవత్సరాంతమువఱకు నిలుచును. ఆదిలాబాదున నివసించి, 'స్వరలయలు' గ్రంథమునకు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమందిన సామల సదాశివగారు 2012లో గతించిరి. ఆయన రచనలపై హక్కు 2072 చివరివఱకు ఉండును. వారి పుస్తకములు మన యింట నున్నంత మాత్రమున అచ్చువేయు హక్కు మనకు రాదు.

ఇచ్చట ఒక మహనీయుని స్మరింతును. తెల్లదొరల పాలన మాకు వలదని పాట కట్టినందుకు 1922లో గరిమెళ్ల సత్యనారాయణగారిని ప్రభుత్వము చెఱసాలకు పంపినది. ఆ పాట ఆంధ్రదేశమంతట మాఱుమ్రోగినది. దొరతనము పాటకు భయపడినది గాని పాట కట్టినవానికి స్వతంత్రదేశమున తిండి దొరకలేదు. 1952లో ఆయన మదరాసున దారిద్ర్యముతో కన్నుమూసెను. ఆ పాటపై హక్కు 2012తో ముగిసినది. ఇప్పుడది చట్టరీత్యా అందఱిది. హక్కు కాగితముపై ఉన్నంత మాత్రమున కవి యింట పొయ్యి వెలుగదు. ఆ హక్కును అడిగి పుచ్చుకొను తెలివియు, ఇప్పించు తోడునీడయు నుండవలయును.

ఒక యువకుని సంగతి చెప్పెదను. ఆయన పేరును ఊరును చెప్పను. ఆయనతో వ్యవహరించిన సంస్థ పేరును చెప్పను. 2019లో ఆయన ఒక పాట వ్రాసెను. అయిదువేల రూపాయలిచ్చి ఒక కాగితముపై సంతకము పెట్టించుకొనిరి. కాగితము ఇంగ్లీషున నున్నది. 'సర్వహక్కులు, సర్వకాలములు, సర్వలోకములు' అని దానిలో నున్నట్లు ఆయనకు పిమ్మట తెలిసెను. పాట పెండ్లిపందిళ్లలోను, జాతరలలోను మ్రోగినది. దాని క్రింద ఆయన పేరు లేదు. ఆయన నా యొద్దకు వచ్చినప్పుడు అడిగినది డబ్బు గాదు. 'ఇది నేను వ్రాసినదని మా అమ్మ నమ్ముటలేదు, వకీలుసాబ్' అనెను. ఆ మాట నేనింకను మఱువలేదు.

ఆ కాగితముతో ఆయన సర్వస్వమును పోయినదా? పోలేదు. నాలుగు సంగతులు చెప్పెదను. కవులు చెవిని బెట్టుకొనవలయును.

మొదటిది: పేరు. 57వ సెక్షను ప్రకారము రచన తనదని చెప్పుకొను హక్కును, దానిని తన గౌరవమునకు భంగమగునట్లు వికృతము చేయువారిని అడ్డుకొను హక్కును కాపీరైటు అమ్మివేసిన తరువాతను కర్తయొద్దనే యుండును. హిందీ రచయిత్రి మన్నూ భండారీ తన నవలను సినిమాగా మార్చుటలో రూపు చెఱచిరని ఢిల్లీ హైకోర్టుకు పోగా, 1986లో ఆ న్యాయస్థానము ఈ హక్కు ఎంత గట్టిదో వివరించినది.

రెండవది: రాయల్టీ. 1977లో సుప్రీంకోర్టు, సినిమాకొఱకు డబ్బు తీసికొని వ్రాసిన పాటకు, వేఱు ఒప్పందము లేనిచో నిర్మాతయే యజమాని యని తీర్పు చెప్పినది. ఆ తీర్పులోనే న్యాయమూర్తి కృష్ణయ్యరుగారు గాయకునికి చట్టమున చోటు లేకపోవుటను గుఱించి విచారము వెలిబుచ్చిరి. ముప్పది యైదేండ్లకు పార్లమెంటు మేలుకొని 2012లో చట్టమును సవరించినది. సినిమాలోగాని, విడి రికార్డులోగాని చేరిన పాటకు వచ్చు రాయల్టీలో సమానభాగము పొందు హక్కును కవియు, సంగీతకర్తయు వదలుకొనరాదు, వదలుకొన్నట్లు వ్రాసినను చెల్లదు; సినిమాను సినిమాహాలులో ఆడించుట మాత్రమే దీనికి మినహాయింపు. వారసులకుగాని, కాపీరైటు సంఘమునకుగాని తప్ప మఱెవ్వరికిని ఆ హక్కును ఇచ్చుటకు వీలులేదు. అట్టి సంఘము పాటల విషయమున ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ, 1969లో స్థాపితమైనది. పాటలు వ్రాయువారు దానిలో సభ్యులు కావచ్చును.

మూడవది: కాగితము. హక్కుల బదిలీ వ్రాతపూర్వకముగా ఉండి, ఇచ్చువాని సంతకముతో నుండవలయును, నోటిమాట చెల్లదు. ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలము, ఏ ప్రాంతమున, ఎంత రాయల్టీ యను సంగతులు స్పష్టముగా నుండవలయును. కాలము వ్రాయనిచో అయిదేండ్లే. ప్రాంతము వ్రాయనిచో భారతదేశమే. పుచ్చుకొన్నవాడు ఒక సంవత్సరములోపల ఆ హక్కును వాడుకొననిచో, ఒప్పందములో వేఱుగా వ్రాసియుండని పక్షమున, అది తిరిగి కవికే వచ్చును. ఒప్పందమునాటికి లేని క్రొత్త సాధనములకు, వానిని ప్రత్యేకముగా పేర్కొననిచో, ఆ ఒప్పందము వర్తింపదు. కావున కాగితమున ఖాళీ లున్నచో కవికి లాభమే. 'సర్వకాలము' అని నిండియున్నచో నష్టము. సంతకమునకు ముందు చదివించుకొనుటకు ఒక్క పూట చాలును.

నాల్గవది: న్యాయస్థానము. పెద్ద సంస్థ బొంబాయిలోనో హైదరాబాదులోనో ఉన్నది, అచ్చటికి పోలేమని భయపడవలదు. 62వ సెక్షను ప్రకారము, హక్కుదారుడు తాను నివసించుచోటి జిల్లా న్యాయస్థానముననే దావా వేయవచ్చును. 2015లో సుప్రీంకోర్టు దీనికొక హద్దు పెట్టినది: వాదికి వ్యాపారకార్యాలయమున్న చోటనే అతిక్రమణ జరిగినచో ఆ చోటు విడిచి దూరపు ఊరిలో ప్రతివాదిని ఈడ్చరాదని. మన పేదకవికి ఆ హద్దు అడ్డము కాదు; ఆయన ఇల్లును బ్రతుకును ఇచ్చటనే యున్నవి. వ్యాజ్యపు విలువ మూడు లక్షలకు తక్కువ గానిచో 2015 నాటి వాణిజ్య న్యాయస్థానముల చట్టము వర్తించునని వకీళ్లు గమనింతురు గాక. తెలిసి తెలిసి దొంగిలించినవానికి 63వ సెక్షను క్రింద ఆరు నెలలనుండి మూడేండ్లవఱకు ఖైదు కలదు. అది పోలీసులు నేరుగా చేపట్టదగిన నేరమని 2022లో సుప్రీంకోర్టు నిర్ణయించినది.

ఆ యువకుని తరపున మేము నోటీసు పంపితిమి. ఆయన పేరు పాట క్రింద కనబడినది. రాయల్టీ తగవు ఇంకను తెగలేదు. అమ్మకు మాత్రము చూపెను. అదియే ఆయనకు తొలి తీర్పు.

పత్రికాసోదరులకొక మాట. జీతముపై పనిచేయు విలేఖరి వ్రాసినది పత్రికలో ప్రచురించుటమట్టుకు యజమానిది. వేఱు ఒప్పందము లేనిచో పుస్తకముగా వేసికొను హక్కు వ్రాసినవానిదే. జీతము లేక వ్యాసములు పంపువాని హక్కు, వ్రాతమూలకముగా ఇచ్చిననే తప్ప, పూర్తిగా వానిదే. అట్లే, సంగతి వేఱు, దానిని చెప్పిన తీరు వేఱు. భావమునకు కాపీరైటు లేదని, భావమును చెప్పిన రూపమునకే కలదని సుప్రీంకోర్టు 1978లో ఆర్. జి. ఆనంద్ వ్యాజ్యమున తేల్చినది. 'నా కథవంటి కథ సినిమాలో వచ్చినది' అని వచ్చువారికి వకీలు మొదట చెప్పవలసిన సత్యమిది. ఉమ్మడి యింటి కలహము ఎవరి సొత్తును గాదు. నీవు కల్పించిన సన్నివేశములు, సంభాషణలు, వాని కూర్పు నీవి.

ఇప్పుడు గాయకులను, నర్తకులను గుఱించి. ఆదిలాబాదు అడవులలోని మార్లవాయి గ్రామవాసి కనకరాజుగారు గుస్సాడీ నృత్యమునకై 2021లో పద్మశ్రీ గౌరవమందిరి, 2024లో పరమపదించిరి. ఆ నృత్యము గోండుజాతి యంతటిది. కాని ఒకనాడు ఒక చోట ఆయన ఆడిన ఆట ఆయనది. ప్రదర్శకుని హక్కు 50 ఏండ్లుండును. అనుమతిలేక ఆ ఆటను చిత్రించి అమ్ముకొనరాదు. వ్రాతమూలకముగా అనుమతించినను, వ్యాపారముగా వాడుకొన్నప్పుడు రాయల్టీ అడుగు హక్కు కలదు. పేరు చెప్పవలెననియు, వికృతము చేయరాదనియు అడుగు హక్కును కలదు. కెమేరా తీసికొని పండుగనాడు గూడెములకు పోవు మిత్రులారా! మీరు తీసిన చిత్రము మీది. అందులోని అడుగు మీది గాదు.

మార్లవాయి పేరు రాగానే మఱొక సంగతి జ్ఞప్తికి వచ్చుచున్నది. అక్కడనే నివసించి గోండుల జీవనమును పరిశీలించిన హైమండార్ఫ్ పండితుడు 'ఆదిలాబాదు రాజగోండులు' అను గ్రంథమును 1948లో లండనునుండి ప్రకటించెను. ఆయన గోండులకు మేలుకోరినవాడు. ఆయనపై నాకు గౌరవమే. కాని చట్టపు తీరు చూడుడు. వ్రాసినవానికి హక్కు కలిగినది; తరతరముల కథలను కంఠస్థము చేసి వినిపించిన ప్రధానులకు ఏ హక్కును కలుగలేదు. చట్టము కలమును గుర్తించును, కంఠమును చాలకాలము గుర్తింపలేదు. జానపదసంపదను జాతిసొత్తుగా కాపాడు ప్రత్యేకచట్టము మన దేశమున లేదు. 2024 మే నెలలో జెనీవాలో ప్రపంచ మేధాసంపత్తి సంస్థవారు సంప్రదాయవిజ్ఞానమును గుఱించి ఒక సంధి కుదిర్చిరి గాని, అది పేటెంట్లకు సంబంధించినది. పాటల జోలికి పోలేదు. కావున మన కంఠములను మనమే కలమున కెక్కించుకొనవలయును. నార్నూరు ప్రాంతపు గుంజాలలో గోండీ లిపి వ్రాతప్రతులు బయటపడి, ఆ లిపి 2018లో కంప్యూటరు అక్షరముల పట్టికయగు యూనీకోడులో చేరినది. వ్రాసికొన్న జాతిని లోకము గుర్తించుటకు అది నిదర్శనము.

మూడవది ఊరి ఆస్తి. వెండిని వెండ్రుకవలె సన్నని తీగెగా లాగి, రెండు పోగులను పెనవేసి, చదునుచేసి, పూవులుగాను లతలుగాను వంచి అతికించు మన కరీంనగరపు పనితనము ఎలగందులనుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఆ ఫిలిగ్రీపనికి 2007లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. ఆ పిమ్మటి కాలమున నిర్మల్ బొమ్మలకును, 2018లో ఆదిలాబాదు డోక్రా పనికిని లభించినది. పొణికికఱ్ఱను చెక్కి, చింతగింజల ముద్దతో అతికి, రంగులద్దు నిర్మల్ పనివారును, తేనెమైనముతో అచ్చుకట్టి కరగిన ఇత్తడిని పోసి, ప్రతి బొమ్మకును ఒక మట్టిమూసను పగులగొట్టు ఓజాలును ఈ పట్టాకు వారసులు.

ఈ పట్టా ఎట్టిది? 1999లో చేసిన చట్టము 2003లో అమలునకు వచ్చినది. దీని రిజిస్ట్రీ చెన్నపట్టణమున కలదు. ఇది పేరును కాపాడును గాని పనిని కాపాడదు. కటకమువారును వెండితీగె పని చేయుదురు. వారి తారకసికి 2024లో వేఱుగా గుర్తింపు లభించినది. వారిని మనము ఆపలేము, మనలను వారు ఆపలేరు. కాని ఎచ్చటనో యంత్రముపై పోతపోసిన వస్తువును తెచ్చి 'కరీంనగరపు ఫిలిగ్రీ' యని అమ్మినచో అది నేరము. ఆరు నెలలనుండి మూడేండ్లవఱకు ఖైదును, యాభైవేలనుండి రెండు లక్షల రూపాయలవఱకు జుల్మానాయు కలవు. ఈ పేరును ఎవ్వరును అమ్మలేరు, కుదువపెట్టలేరు. పదేండ్ల కొకసారి పునరుద్ధరించుకొనవలయును.

ఇంతవఱకు సంతోషము. కాని ఒక చిక్కున్నది. రిజిస్ట్రీలో యజమానిగా నుండునది సంఘము. పనివాడు విడిగా 'అధీకృత వినియోగదారుడు'గా తన పేరు నమోదు చేయించుకొన్నప్పుడే ఆ సూచికను వాడుకొను ప్రత్యేకహక్కును, సంఘముతోపాటు దావాకు నిలుచు హక్కును వానికి కలుగును. నమోదు లేని పనివాడు తన తాతలనాటి పేరునకు తానే పరాయివాడుగా నిలుచును. గుర్తింపు వచ్చిననాడు సన్మానములు చేసితిమి, శాలువలు కప్పితిమి. శాలువ చలికి గాని తగవునకు అక్కఱకు రాదు. ఎందఱు పనివారలు నమోదైరో తమ సంఘమును నేడే అడుగుడు.

మఱొక చిక్కు క్రొత్త నమూనాలది. ఒక నిపుణుడు ఎవ్వడును చేయని తీరున ఒక క్రొత్త భరిణను కల్పించెననుకొనుడు. డిజైనుల చట్టము క్రింద నమోదు చేయదగిన నమూనాను నమోదు చేయక, దానినే యంత్రపద్ధతిని ఏబదిసార్లకు మించి ఉత్పత్తి చేసినచో దానిపై కాపీరైటు అంతరించునని 15వ సెక్షను చెప్పుచున్నది. నమోదు చేసినచో పదేండ్లు, పొడిగించినచో మఱి అయిదేండ్లు రక్షణ కలదు. కాని ఆ నమోదు నమూనాను లోకమునకు చూపకమునుపే జరుగవలయును. సంతలో పెట్టిన పిమ్మట గాని, సెల్‌ఫోనున బొమ్మ పంపిన పిమ్మట గాని వకీలును వెదకిన ప్రయోజనము లేదు.

నాపై ఒక ఆక్షేపణ రావచ్చును. 'పాట గాలివంటిది, దానికి పట్టాలేల? మన పెద్దలు పాడి విడిచిరి గదా! కోర్టులను తెచ్చి పల్లెలలో తగవులు పెట్టుదురా?' అని. ఇది లోతైన మాట. నేనును కట్టడములు పెరుగవలెనని కోరను. అందుకే అందఱి ఆస్తిని మొదట చెప్పితిని. అందఱిదానిని ఒకడు దిగమ్రింగకుండుటకును చట్టమే కావలయును. పెద్దలు పాడి విడిచిన కాలమున పాట ధనము తెచ్చెడిది కాదు. నేడు పాట ధనము తెచ్చుచున్నది. ధనము వచ్చుచుండగా కవికి మాత్రమే వైరాగ్యము బోధించుట ధర్మము గాదు. లంబాడిపల్లెవంటి చిన్న పల్లెనుండి 'మై విలేజ్ షో' వెలువడి దేశదేశములవారిని నవ్వించుచున్న కాలమిది. మన మాటకు వెల యున్నదని లోకము ఒప్పుకొన్నది. మనమే యింకను ఒప్పుకొనలేదు.

ఈ గడ్డపై ప్రజలను మేల్కొలిపిన పని పఠనమందిరములనుండియే మొదలైనది. 1935లో సిరిసిల్లలో ఆంధ్రమహాసభ కూడిననాడు మనవారి యొద్ద ధనములేదు, అధికారములేదు. చదువవలెనను పట్టుదల మాత్రము కలదు. ఆ పట్టుదలకు తగిన పని నేడును కలదు. కావున మూడు మనవులు చేసి ముగింతును.

ఒకటి: ప్రతి పఠనమందిరమున ఒక పాటలపుస్తకము పెట్టవలయును. ఏ యూరి పాట, ఎవరు పాడిరి, ఎవరివలన నేర్చిరి, ఏ తేదీన వ్రాసికొంటిమి, పాడినవారు దేనికి సమ్మతించిరి యను సంగతులు అందు వ్రాయవలయును. రేపు ఎవడైన 'ఇది నా పాట' యన్నచో ఈ పుస్తకమే సాక్షి. క్రొత్తగా కట్టిన పాటలకు కవి సంతకముతో వేఱొక పుస్తకము.

రెండు: తెలుగున ఒక ఒప్పందపు నమూనాను తయారుచేసి బల్లపై ఉంచవలయును. పేరు, కాలము, ప్రాంతము, సాధనము, రాయల్టీ, తగవు తీర్చు న్యాయస్థానము అను ఆరు గళ్లు చాలును. నింపకుండ సంతకము చేయరాదని దాని పైభాగమున పెద్ద అక్షరములతో వ్రాయవలయును.

మూడు: వకీలుసోదరులు నెలకొక ఆదివారము ఇచ్చట కూర్చుండవలయును. ఫీజు అడుగక కాగితములు చదివి చెప్పవలయును. ఈ మూడవదానికి మొదటి పేరు నాది వ్రాసికొనుడు. వచ్చు ఆదివారము ఉదయము నేనీ బల్లయొద్దనే యుందును.

ఆ యువకుడు నేడును ఈ సభలో వెనుకవరుసలో కూర్చుండియున్నాడు. ఆయన రెండవ పాట వ్రాసెనట. ఇంకను ఎవ్వరికిని ఇయ్యలేదు. మొదట ఆ పాటలపుస్తకమున తొలిపుటపై వ్రాసి, సంతకము చేసి, తేదీ వేసి, పిమ్మట బేరమాడెదనని నాతో చెప్పెను. సోదరులారా, పుస్తకమును కొనుట మాత్రము మన పని.